శాసన గ్రంథ ముద్రణలో చిత్రాల ఎగుమతి, కంపైలరు అమరిక : దోషాలు, పరిష్కారాలు

ఉపోద్ఘాతం

కళింగదేశ చరిత్ర రచనకు శ్రీకాకుళం జిల్లాలోని శ్రీముఖలింగం, శ్రీకూర్మం ఆలయాల శాసనాలు ప్రధానమైన ఆధారాలు. దక్షిణ భారత శాసన సంపుటాలలో అయిదవది ఈ రెండు క్షేత్రాల శాసనపాఠాలను ఒకచోట చేర్చింది. శ్రీముఖలింగం సమీపాన పర్వతాలపేటలో 1863లో జన్మించిన గిడుగు వేంకటరామమూర్తి ఆ ఆలయ శాసనాల లిపిని స్వయంకృషితో నేర్చుకొన్నారు. విజయనగర సంస్థానంలో గురజాడ అప్పారావు శాసన పరిశోధకునిగా పనిచేశారు. ఈ ప్రాంతంలో శాసనాధ్యయనానికి ఇంతటి పరంపర ఉన్నది.

ఆనాటి పరిశోధకుడు పాఠాన్ని నిర్ణయించి వ్రాతప్రతిని ముద్రణాలయానికి అప్పగించేవాడు. అక్షరాలు కూర్చటం, చిత్రఫలకాలు తయారుచేయటం అచ్చుపనివారి బాధ్యత. నేడు ఆ రెండు పనులూ చాలావరకు పరిశోధకుని మీదనే పడినవి. శాసనపాఠం, అధోజ్ఞాపికలు, పాఠాంతరాలు, అచ్చుప్రతుల చిత్రాలు, వంశవృక్షాలు, పటాలు కలిసిన గ్రంథాన్ని క్రమబద్ధంగా కూర్చటానికి లాటెక్ అనే అక్షరసంయోజన వ్యవస్థను ఆశ్రయించేవారు ఉన్నారు. అయితే పాఠం సక్రమంగా వచ్చినా చిత్రాలలోని తెలుగు అక్షరాలు విరిగిపోవటం, చిత్రమే కనిపించకపోవటం, కంప్యూటరు ఏదో దోషాన్ని సూచించి ఆగిపోవటం వారికి తరచుగా ఎదురయ్యే ఇబ్బందులు.

శాసన గ్రంథంలో ఇది కేవలం అందచందాల సమస్య కాదు. పొల్లు హల్లును విడిగా చెక్కిన సందర్భాలు శాసనాలలో నిజంగానే ఉన్నాయి. చిత్రంలోని లిపిపట్టికలో ‘స్వస్తి’ అనే మాట సంయుక్తాక్షరాలు విడిపోయి ‘స్‌వస్‌తి’ అని అచ్చయితే, అది చెక్కినవాని పద్ధతియా, కంప్యూటరు చేసిన తప్పా అన్నది పాఠకునికి తెలియదు. లేఖక ప్రమాదానికీ ముద్రణ ప్రమాదానికీ తేడా చెరిగిపోయినచోట పరిష్కరణకు విలువ ఉండదు. అందువల్ల ఈ దోషాల మూలాలను, వాటిని గుర్తించే క్రమాన్ని, నివారణోపాయాలను వివరించటం ప్రస్తుత వ్యాసోద్దేశం.

కంపైలరు అంటే ఏమి?

డొనాల్డ్ నూత్ 1977లో టెక్ అనే వ్యవస్థ నిర్మాణానికి పూనుకొన్నారు. దానిపై లెస్లీ లాంపోర్ట్ 1980లలో లాటెక్‌ను రూపొందించారు. ఇందులో రచయిత పుటను నేరుగా తీర్చిదిద్దడు. పాఠాన్ని, దానితోపాటు ‘ఇది శీర్షిక’, ‘ఇక్కడ చిత్రం’ వంటి ఆదేశాలను సాధారణ ఫైలులో వ్రాస్తాడు. ఆ ఫైలును చదివి పుటలుగా మార్చే క్రమణికకే కంపైలరు అని పేరు. ఆదేశాల భాష దాదాపు ఒకటే అయినా కంపైలర్లు ఒకటి కావు. దోషాలలో అధికభాగం ఈ భేదాన్ని గమనించకపోవటం వల్లనే పుడుతున్నాయి.

ప్రధానంగా నాలుగు మార్గాలు ఉన్నాయి. మొదటిది ప్రాచీనమైన లాటెక్ మార్గం. ఇది ముందు డి.వి.ఐ. ఫైలును, తరువాత దానినుండి పోస్ట్‌స్క్రిప్ట్‌ను తయారుచేస్తుంది. రెండవది నేరుగా పి.డి.ఎఫ్.ను ఇచ్చే పి.డి.ఎఫ్. లాటెక్. మూడవది జోనథన్ క్యూ 2004లో వెలువరించిన జీటెక్‌పై ఆధారపడిన జీలాటెక్. నాలుగవది లువాలాటెక్. మొదటి రెండూ యూనికోడ్ తెలుగు ఫాంట్లను స్వయంగా ఉపయోగించుకోలేవు. చివరి రెండూ కంప్యూటరులో ఉన్న ఫాంట్లను నేరుగా చదివి సంయుక్తాక్షరాలను, గుణింతాలను కూర్చగలవు. కనుక తెలుగు గ్రంథానికి జీలాటెక్ గాని లువాలాటెక్ గాని అవలంబనీయం.

ఏ కంపైలరు నడుస్తున్నదో అది ఇచ్చే దోషసూచన నుండే గ్రహించవచ్చు. ‘ఈ యూనికోడ్ అక్షరం లాటెక్‌లో ఏర్పాటు కాలేదు’ అనే భావంతో సూచన వస్తే పి.డి.ఎఫ్. లాటెక్ నడుస్తున్నదని అర్థం. ‘ఫాంట్‌స్పెక్ ప్యాకేజీకి జీటెక్ లేదా లువాటెక్ అవసరం’ అని వస్తే కారణం అదే. పాఠంలో దిద్దవలసినది ఏమీ లేదు. కంపైలరును మార్చితే చాలును. టెక్‌స్టూడియో వంటి సంపాదక సాధనాలు మొదట పి.డి.ఎఫ్. లాటెక్‌నే ఎంచుకొని ఉంటాయి. అమరికలలోని ‘బిల్డ్’ విభాగంలో డీఫాల్ట్ కంపైలరును జీలాటెక్‌గా మార్చాలి. ఫైలు మొదటి పంక్తిలో శాతం గుర్తు, ఆశ్చర్యార్థకం ఉంచి, తరువాత ‘టెక్ ప్రోగ్రామ్ = జీలాటెక్’ అనే సూచనను ఇంగ్లీషు లిపిలో వ్రాస్తే, దానిని గుర్తించే సాధనాలలో ప్రతిసారీ మార్చవలసిన పని తప్పుతుంది. సహపరిశోధకునికి ఫైలు పంపినపుడు కూడ ఈ పంక్తి ఉపకరిస్తుంది. అంతర్జాలంలో నడిచే ఓవర్‌లీఫ్‌లో ప్రాజెక్టు అమరికల నుండి కంపైలరును ఎంచుకోవాలి.

ఫాంటు ఎంపిక, లిపి ప్రకటన

కంపైలరు సరియైనదే అయినా అక్షరాలు విరిగిపోతే రెండవ కారణాన్ని పరిశీలించాలి. జీలాటెక్‌లో ఫాంటు పేరు చెప్పినంత మాత్రాన చాలదు. ‘స్క్రిప్ట్ = తెలుగు’ అని లిపిని కూడ ప్రకటించాలి. ఆ ప్రకటన లేనపుడు కంప్యూటరు అక్షరసంకేతాలను వచ్చిన వరుసలో పేర్చివేస్తుంది. ‘స్తి’ అనే అక్షరాన్ని తీసుకొన్నట్లయితే దాని సంకేతక్రమం సకారం, పొల్లు, తకారం, ఇత్వం. వ్రాతలో మాత్రం ఇత్వం సకారం మీదికి చేరుతుంది, తకారం వత్తుగా క్రిందికి దిగుతుంది. ఈ స్థానమార్పు లిపి ప్రకటన ఉన్నపుడే జరుగుతుంది. లువాలాటెక్‌లో దీనితోపాటు ‘రెండరర్ = హార్ఫ్‌బజ్’ అనే ఎంపికను కూడ చేర్చాలి. 2020 నాటి టెక్‌లైవ్ నుండి లువాలాటెక్‌లో హార్ఫ్‌బజ్ అంతర్భాగమైనది. అంతకు పూర్వపు ప్రతులు వాడేవారు జీలాటెక్‌ను ఆశ్రయించటం మంచిది.

మూడవ కారణం ఫాంటులో అక్షరమే లేకపోవటం. శాసన పరిష్కర్తలకు ఇది విశేషంగా వర్తిస్తుంది. ప్రాచీన శాసనాలలో కనిపించే ‘ఴ’ అక్షరానికి యూనికోడ్‌లో 2014లో మాత్రమే స్థానం లభించింది. ‘ౚ’ అనే అక్షరం 2015లో చేరింది. ఆ సంవత్సరాలకు పూర్వం తయారై తిరిగి సంస్కరింపబడని ఫాంట్లలో ఇవి ఆయా స్థానాలలో ఉండే అవకాశం లేదు. అట్లే ‘కళింగ’ శబ్దాన్ని రోమన్ లిపిలో వ్రాసేటపుడు అనునాసికంపై ఉంచే చుక్క వంటి గుర్తులు అనేక తెలుగు ఫాంట్లలో ఉండవు. గిడుగువారి సవరభాషా గ్రంథాల నుండి ఉదాహరణలు గ్రహించేవారికీ ఈ చిక్కు తప్పదు. తెలుగుకు ఒకటి, రోమన్ లిప్యంతరీకరణకు ఒకటి, నాగరికి ఒకటిగా ఫాంట్లను వేర్వేరుగా నిర్దేశించటమే దీనికి మార్గం.

ఈ మూడవ దోషం మిక్కిలి ప్రమాదకరమైనది. అక్షరం లేనపుడు కంపైలరు సాధారణంగా ఆగిపోదు. పుటలో ఖాళీయో చిన్న పెట్టెయో మిగులుతుంది. ‘మిస్సింగ్ క్యారెక్టర్’ అనే సూచన లాగ్ ఫైలులో ఒక మూల పడి ఉంటుంది. శాసనపాఠంలో ఖాళీ కనబడితే శిథిలాక్షరమని పాఠకుడు భావించే అవకాశం ఉన్నది. అందువల్ల ‘ట్రేసింగ్ లాస్ట్ క్యార్స్’ అనే ఆదేశానికి 3 అనే విలువనిచ్చి, అక్షరలోపాన్ని పూర్తి దోషంగా పరిగణించేటట్లు చేయటం ఆవశ్యకం. 2021 నుండి వచ్చిన టెక్‌లైవ్ ప్రతులలో ఈ సదుపాయం ఉన్నది.

చిత్రరూపాలు : ఏది ఎక్కడ చెల్లుతుంది?

చిత్రాలు రెండు జాతులు. ఛాయాచిత్రం, శాసనపు అచ్చుప్రతి వంటివి చుక్కల సముదాయాలు. పటం, వంశవృక్షం, ఆలయ భూమిపథకం వంటివి రేఖాచిత్రాలు. మొదటి జాతికి పి.ఎన్.జి., జె.పి.ఇ.జి., రెండవ జాతికి పి.డి.ఎఫ్. తగిన రూపాలు.

ప్రాచీన లాటెక్ మార్గం ఇ.పి.ఎస్. రూపాన్ని కోరుతుంది. ఆ మార్గంలో పి.ఎన్.జి. చిత్రాన్ని చేర్చబోతే ‘చిత్ర పరిమాణాన్ని నిర్ణయించలేము, బౌండింగ్ బాక్స్ లేదు’ అనే సూచన వస్తుంది. చిత్రం చెడిపోయినదని భ్రమించి మరల మరల ఎగుమతి చేసేవారు ఉంటారు. నిజానికి దోషం చిత్రానిది కాదు, కంపైలరు ఎంపికది. పి.డి.ఎఫ్. లాటెక్, జీలాటెక్, లువాలాటెక్ మూడూ పి.డి.ఎఫ్., పి.ఎన్.జి., జె.పి.ఇ.జి. రూపాలను స్వీకరిస్తాయి. ఇ.పి.ఎస్. చిత్రం ఉంటే ముందుగానే పి.డి.ఎఫ్.గా మార్చుకొనటం ఉత్తమం. ఇ.పి.ఎస్.కు మరొక పరిమితి ఉన్నది. పోస్ట్‌స్క్రిప్ట్‌లో పారదర్శకత లేదు. వంశధార, నాగావళి పరీవాహక ప్రాంతాలను లేతరంగు పొరలతో చూపిన పటాన్ని ఇ.పి.ఎస్.గా ఎగుమతి చేస్తే ఆ భాగాలు చుక్కల చిత్రంగా మారి మసకబారవచ్చు.

గ్రంథాలయాలు, స్కానింగు కేంద్రాలు అచ్చుప్రతులను ఎక్కువగా టి.ఐ.ఎఫ్.ఎఫ్. రూపంలో ఇస్తాయి. దానిని పై మార్గాలలో దేనికీ నేరుగా ఇవ్వరాదు. ముందుగా మార్చుకోవాలి. మార్చేటపుడు జె.పి.ఇ.జి. కంటె పి.ఎన్.జి. శ్రేయస్కరం. సిరా అచ్చుప్రతిలో నల్లని నేలపై తెల్లని అక్షరాలు ఉంటాయి. జె.పి.ఇ.జి. సంకోచ విధానం నలుపు తెలుపులు కలిసే అంచులలో మచ్చలు పుట్టిస్తుంది. అనుస్వారపు చుక్కయా, రాతి గుంటయా అని పరిశోధకులు చర్చించే స్థలంలో కంప్యూటరు సృష్టించిన మచ్చ మూడవ సందేహాన్ని తెచ్చిపెడుతుంది. పి.ఎన్.జి.లో సమాచారనష్టం లేదు.

చిత్రస్పష్టతను ముందుగానే లెక్కించుకోవచ్చు. 12 సెంటీమీటర్ల వెడల్పున అచ్చువేయవలసిన చిత్రం సుమారు 4.72 అంగుళాలు. అంగుళానికి 300 చుక్కల చొప్పున 1417 చుక్కల వెడల్పు కావాలి. సూక్ష్మరేఖలున్న నలుపు తెలుపు ప్రతికి 600 చొప్పున 2835 చుక్కలు అవసరం. 800 చుక్కల చిత్రాన్ని అదే వెడల్పుకు సాగదీస్తే అంగుళానికి 170 చుక్కలకు మించవు. అక్షరాల అంచులు మెట్లుమెట్లుగా కనిపిస్తాయి. చిన్న చిత్రాన్ని కంప్యూటరులో పెద్దదిగా చేసినంత మాత్రాన లేని సమాచారం రాదు.

కొలమానం విషయంలోను జాగ్రత్త అవసరం. 60 సెంటీమీటర్ల అచ్చుప్రతిని 12 సెంటీమీటర్లలో ముద్రిస్తే నిష్పత్తి 1:5. పుట వెడల్పు మారి చిత్రం 10 సెంటీమీటర్లకు తగ్గితే అది 1:6 అవుతుంది. శీర్షికలో వ్రాసిన 1:5 మాత్రం అట్లే ఉండి అసత్యమవుతుంది. నిష్పత్తిని మాటలలో చెప్పేకంటె చిత్రంలోనే కొలబద్దను గీయించాలి. చిత్రంతోపాటు అదీ పెరిగి తరుగుతుంది.

రేఖాచిత్రాలలో తెలుగు అక్షరాలు

పటాలు, పథకాలు గీయటానికి ఇంక్‌స్కేప్ వంటి ఉచిత సాధనాలు ఉన్నాయి. అందులో పి.డి.ఎఫ్.గా భద్రపరచేటపుడు అక్షరాల విషయమై మూడు ఎంపికలు కనిపిస్తాయి. దోషాల మూలం ఎక్కువగా ఇక్కడ ఉంటుంది కనుక వాటిని విడివిడిగా వివరించాలి.

మొదటిది ఫాంటును చిత్రంలో పొదగటం. అక్షరాలు అక్షరాలుగానే ఉంటాయి. అయితే గ్రంథంలోని ఫాంటు ఒకటి, చిత్రంలోని ఫాంటు మరొకటి అయ్యే అవకాశం ఉన్నది. పొదుగుట సక్రమంగా జరిగినదో లేదో కూడ పరీక్షించాలి.

రెండవది అక్షరాలను రేఖలుగా మార్చటం. ఇందులో ఫాంటు ప్రసక్తి ఉండదు. ఏ కంప్యూటరులోనైనా రూపం మారదు. కాని అవి ఇక అక్షరాలు కావు. వెదకటానికి, దిద్దటానికి వీలుండదు. 2022లో పార్వతీపురం మన్యం జిల్లా ఏర్పడినపుడు అంతకుముందరి పటాలలో జిల్లా పేర్లు మార్చవలసివచ్చింది. రేఖలుగా మార్చిన ప్రతి మాత్రమే మిగిలితే ఆ భాగాన్ని చెరిపి తిరిగి వ్రాయవలసిందే. ఈ పద్ధతిని అనుసరించేవారు మూలమైన ఎస్.వి.జి. ఫైలును వేరుగా భద్రపరచుకోవాలి.

మూడవది అక్షరాలను తొలగించి, వాటిని లాటెక్ ఫైలుగా వేరుచేయటం. అపుడు రెండు ఫైళ్లు తయారవుతాయి. ఒకటి అక్షరాలు లేని చిత్రం. రెండవది ఏ పేరు ఏ స్థానంలో రావాలో తెలిపే చిన్న ఫైలు. గ్రంథంలో చిత్రాన్ని కాక ఈ రెండవ ఫైలును పిలవాలి. ‘శ్రీముఖలింగం’, ‘శ్రీకూర్మం’, ‘శాలిహుండం’ అన్న పేర్లు గ్రంథంలోని ఫాంటులోనే, లిపి ప్రకటనతో సహా కూర్చబడతాయి. అక్షరదోషాలకు ఇది మేలైన పరిష్కారం.

దీనికీ కొన్ని నియమాలు ఉన్నాయి. మొదటి నియమం, చిత్రం ఉపసంచయంలో ఉంటే రెండవ ఫైలు దానిని వెదకలేదు. ‘గ్రాఫిక్స్ పాత్’ ఆదేశంతో ఆ సంచయాన్ని తెలపాలి. రెండవ నియమం, చిత్రం పరిమాణాన్ని ‘ఎస్.వి.జి. విడ్త్’ అనే విలువతో ముందుగా నిర్ణయించాలి. చిత్రాన్ని కుదించినా అక్షరాల పరిమాణం తగ్గదు కనుక చిన్న పటంలో పేర్లు ఒకదానిపై ఒకటి పడవచ్చు. మూడవ నియమం, పేర్లలో శాతం, అధోరేఖ వంటి గుర్తులు ఉంటే లాటెక్ వాటిని ఆదేశాలుగా గ్రహిస్తుంది. శాతం గుర్తు తరువాతి భాగాన్ని వ్యాఖ్యగా భావించి విడిచివేస్తుంది. అటువంటి గుర్తుల ముందు వెనుకగీతను ఉంచాలి. నాలుగవ నియమం, ఎగుమతి పరిధిగా పుటను కాక చిత్రాన్ని ఎంచుకోవాలి. లేకుంటే చిత్రం చుట్టూ కారణం తెలియని ఖాళీ వస్తుంది.

తూర్పు గాంగుల వంశవృక్షం వంటి వాటిని బయట గీసి తెచ్చుకొనే అవసరం కూడ లేదు. టిక్‌జీ అనే ప్యాకేజీ సహాయంతో గ్రంథంలోనే ఆదేశాలతో గీయవచ్చు. అపుడు ఎగుమతి అనే దశయే ఉండదు.

పాత డి.టి.పి. ఫాంట్లతో చేసిన చిత్రాలది వేరొక కథ. యూనికోడ్‌కు ముందటి ఆ ఫాంట్లలో తెలుగు అక్షరశకలాలు ఇంగ్లీషు అక్షరాల స్థానాలను ఆక్రమించి ఉంటాయి. ఫాంటు పొదగబడకుండా ఎగుమతియైన చిత్రంలో తెలుగుకు బదులు అర్థరహితమైన ఇంగ్లీషు అక్షరాలు కనిపిస్తాయి. ఫాంటు మార్చి చూడటం వ్యర్థం. ఆ ఫాంటు ఉన్న కంప్యూటరులో రేఖలుగా మార్చి తెచ్చుకోవాలి, లేదా పేర్లను యూనికోడ్‌లో తిరిగి టైపు చేయాలి.

పరిశీలన క్రమం

దోషం కనిపించినపుడు తోచినచోటల్లా మార్పులు చేయటం వల్ల మూలకారణం మరుగున పడుతుంది. ఈ క్రిందివరుసను పాటించటం యుక్తం.

1. దోషసూచనలలో మొదటిదానిని మాత్రమే చదవాలి. తరువాతివి తరచుగా దాని పర్యవసానాలు.

2. ఏ కంపైలరు నడిచినదో లాగ్ ఫైలు మొదటి పంక్తిలో చూడాలి. గ్రంథకర్త భావించినది, నిజంగా నడిచినది వేరు కావచ్చు.

3. మునుపటి ప్రయత్నంలో మిగిలిన సహాయక ఫైళ్లను తొలగించి తిరిగి నడపాలి. కంపైలరు మార్చినపుడు ఇది తప్పనిసరి.

4. చిత్రం దొరకలేదని వస్తే ఫైలు పేరును పరీక్షించాలి. విండోస్‌లో పెద్దబడి, చిన్నబడి అక్షరాలకు భేదం లేదు. లినక్స్‌పై నడిచే యంత్రాలలో ఉన్నది. ఇంటి కంప్యూటరులో వచ్చిన చిత్రం ముద్రాపకుని వద్ద రాకపోవటానికి ఇది ఒక కారణం. పేర్లు చిన్నబడి ఇంగ్లీషు అక్షరాలలో, ఖాళీలు లేకుండ ఉండటం మంచిది.

5. దోషమున్న చిత్రాన్ని మాత్రమే తీసుకొని పది పంక్తుల చిన్న ఫైలులో నడిపి చూడాలి. అక్కడ సరిగా వస్తే కారణం గ్రంథంలోని ఇతర ప్యాకేజీలలో ఉన్నది. అక్కడా రాకపోతే చిత్రంలోనే ఉన్నది.

6. చివరిగా తయారైన పి.డి.ఎఫ్.ను ‘పి.డి.ఎఫ్. ఫాంట్స్’ అనే సాధనంతో పరీక్షించి ప్రతి ఫాంటు పొదగబడినదని నిర్ధారించుకోవాలి. ముద్రణాలయానికి పంపేముందు చేయవలసిన పరీక్షలలో ఇది ముఖ్యమైనది.

కొన్ని ప్యాకేజీలు ఇంక్‌స్కేప్‌ను తామే నడిపించటానికి ‘షెల్ ఎస్కేప్’ అనుమతిని కోరుతాయి. ఆ అనుమతి వల్ల ఫైలులోని ఆదేశాలు కంప్యూటరులోని ఇతర క్రమణికలను నడపగలుగుతాయి. స్వంత ఫైళ్లకు తప్ప అపరిచితుల నుండి వచ్చినవాటికి దానిని ఇవ్వరాదు.

పాఠాన్వేషణ

అచ్చుపుటలో అంతా సక్రమంగా ఉన్నా పి.డి.ఎఫ్.లో ‘స్వస్తి’ అని వెదకితే దొరకకపోవచ్చు. పుటలో చిత్రితమైన క్రమం సంకేతక్రమానికి భిన్నంగా ఉండటమే ఇందుకు కారణం. ముందు చెప్పిన ‘స్తి’లో ఇత్వంతో కూడిన సకారం మొదట, తకారపు వత్తు తరువాత నమోదవుతాయి. ప్రతిని తీసి వేరొకచోట అతికిస్తే క్రమం తారుమారవుతుంది. జీటెక్‌లో ‘జెనరేట్ యాక్చువల్ టెక్స్ట్’ అనే అమరికకు 1 విలువనిస్తే అసలు పాఠం కూడ పి.డి.ఎఫ్.లో చేరుతుంది. శాసన సూచికలను కంప్యూటరుపై సంప్రదించే పరిశోధకులకు ఇది ఎంతో ఉపకారకం.

ఉపసంహారం

పై వివరణను బట్టి దోషాలు మూడు స్థానాలలో పుడుతున్నాయని స్పష్టమవుతున్నది. అవి కంపైలరు ఎంపిక, ఫాంటు నిర్దేశం, చిత్రపు ఎగుమతి. జీలాటెక్, లిపి ప్రకటన, అచ్చుప్రతులకు పి.ఎన్.జి., పటాలకు అక్షరాలను వేరుచేసిన పి.డి.ఎఫ్. అనే నాలుగు నియమాలను ఆదినుండి పాటిస్తే చాలావరకు అవి తలెత్తవు. యంత్రం నడిచి పుట తయారైనంత మాత్రాన పని ముగిసినట్లు కాదు. శాసన పరిష్కర్త మూలప్రతిని ఎదుట పెట్టుకొని పాఠాన్ని సరిచూచినట్లే, చిత్రంలోని ప్రతి అక్షరాన్ని తుది ప్రతిలో సరిచూడాలి. రాతిమీద శతాబ్దాలపాటు నిలిచిన అక్షరం అచ్చులో విరిగిపోకుండ కాపాడటం కూడ పరిష్కరణలో భాగమే.